పలక మీద మూడో వరుస

చెక్కపని షాపు, పైగది
ఆదివారం

అక్కా,

నేను బాగానే ఉన్నాను. నువ్వూ బాగానే ఉన్నానని రాస్తావు. ఆ సంగతి ఇద్దరం ముందే ఒప్పేసుకుంటే కాగితం కలిసొస్తుంది.

నా పని మారింది. ఇన్నాళ్ళూ కుర్చీ కాళ్ళకి చిత్రిక పట్టాను కదా, ఇప్పుడు పేర్లు చెక్కుతున్నాను. పుట్టిన పిల్లల ఉయ్యాల పైన గోడకి తగిలించుకునే చెక్క పలకలు. అరచేతికి రెండింతలు ఉంటాయి. ఎక్కడెక్కడి వాళ్ళో పేరు రాసి పంపుతారు, మేం చెక్కి పంపుతాం. ఒక్కో పలక మీద మూడు వరుసలు. మొదటి వరుస పేరు. రెండోది, ఆ పేరు ఏ భాషదో. మూడోది దాని అర్థం. ఈ మూడో వరుస కోసమని షాపులో అట్ట ఊడిపోయిన లావుపాటి పేర్ల పుస్తకం ఒకటి పెట్టారు. భోజనాల వేళ దాన్ని ఒళ్ళో పెట్టుకుని చదువుతాను. నన్ను బడి మాన్పించారు గానీ చదువు మాన్పించలేకపోయారు, నీకు తెలుసుగా. పొట్లం కట్టిన కాగితమైనా విప్పి చదివితే గానీ నిద్ర పట్టదు నాకు.

చదివితే తేలిందేమిటంటే, డబ్బున్న వాళ్ళు ముద్దుగా పెట్టుకునే పేర్లలో చాలావాటి అర్థాలు తిట్లలాగే ఉన్నాయి. క్లాడియా అంటే లాటిన్‌లో కుంటిది. సిసీలియా గుడ్డిది. కాల్విన్ అంటే బట్టతల. మొదటిసారి క్లాడియా వచ్చినప్పుడు నేను ఉన్నదున్నట్టు "కుంటిది" అని గీసి ఓనరుకి చూపించాను. ఆయన గుండె పట్టుకున్నాడు. "తల్లి చూసి ఏడ్చే అక్షరం నా షాపులోంచి బయటికి పోకూడదు" అన్నాడు. అప్పటికప్పుడు చెప్పి రాయించాడు, "హుందాగా, నెమ్మదిగా నడిచేది" అని. సిసీలియాకి "లోచూపు గలది." కాల్విన్ దగ్గర కాసేపు ఆలోచించి "వెలిగే నుదురు" అన్నాడు. అంటున్నప్పుడు ఆయన చెయ్యి తన బోడిగుండు మీదికే పోయింది. పాలిష్ పిన్ని పైట నోట్లో కుక్కుకుంది.

పాలిష్ పిన్ని అంటే నా పక్క బల్ల దగ్గర పలకలకి పాలిష్ పెట్టే ఆవిడ. వేరే దేశం నుంచి వచ్చి మన మాట ముక్కలు ముక్కలుగా మాట్లాడుతుంది. ఆవిడ పేరుకి వాళ్ళ భాషలో "ఆఖరి గులాబీ" అని అర్థమట. ఎంత బాగుందో అన్నాను. బాగుండడానికి పెట్టలేదు, ఇక ఆడపిల్లలు పుట్టకూడదని పెట్టారు అంది. ఆవిడ తర్వాత ఇంకో ఇద్దరు గులాబీలు పుట్టారు. మీ నాన్నకి లెక్క రాదా అన్నాను. "లెక్క వచ్చు. మమ్మల్ని లెక్కలో వేసుకోడు, అంతే" అంది.

ఇక మనిల్లు. నీ పేరుకి దీపం అని అర్థం. నడిపక్కది వెన్నెల. చిన్నోడిది వరం. నా పేరు చూడ్డానికి పుస్తకం అక్కర్లేదు, ఏ వీధిలో ఏ పిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు. చాలు. ఆడపిల్లలు ఇక చాలు. అదొక పేరా? పై వాడికి పెట్టుకున్న ఫిర్యాదు.

నీకు నెలలు నిండుతున్నాయని చిన్నోడు ఫోన్లో చెప్పాడు. అక్కా, ఈసారి పేరు నన్ను వెతకనీ. కూలిపోయిన పాత తలుపు నుంచి తీసిన చెక్క ముక్క ఒకటి దాచాను, తేనె రంగులో ఉంది. ఎవరికీ ఇవ్వలేదు. నీ బిడ్డకే.

నీ చెల్లి


ఇంట్లో, వెనక వరండా
గురువారం

బుల్లీ,

పాప పుట్టింది. నేను బాగానే ఉన్నాను. నవ్వుకో, నువ్వు రాసినట్టే రాశాను.

పాప ఎర్రగా, బొద్దుగా ఉంది. ఏడుపు మాత్రం వీధి చివరికి వినిపిస్తుంది, నీ గొంతే. మీ బావ ఆస్పత్రికి వచ్చి చూసి "ఆరోగ్యంగా ఉందిగా" అన్నారు. కాసేపాగి మళ్ళీ అదే మాటన్నారు. అత్తయ్య తలనొప్పని పడుకున్నారు, ఇప్పుడు లేచి తిరుగుతున్నారు. వంటింట్లో గిన్నెల చప్పుడు కొంచెం ఎక్కువగా ఉంటోంది, అంతే. నువ్వేమీ ఊహించుకోకు.

పెద్దది బడికి వెళుతోంది. అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చింది. ఇంక చూసుకో, సబ్బు మీదా, మందు సీసా మీదా, బస్సు మీదా ఏది కనపడితే అది పైకి చదువుతుంది. అందరూ నా పోలిక అంటారు గానీ అది అచ్చం నువ్వే. రెండోది దాని వెనకాలే తిరిగి అదేం చదివితే అది పాటలా పాడుతుంది.

డాక్టరమ్మ కొన్ని మాటలు చెప్పారు. అవి తర్వాత రాస్తాను, ఇప్పుడు పాప పాలకి లేచింది.

పేర్లు పంపు. మంచి అర్థం ఉన్నవి. నోరు తిరిగేవి పంపు, అత్తయ్య పలకగలగాలి. మరీ కొత్తగా ఉంటే "ఇదేం పేరు, మందు బిళ్ళ పేరా" అంటారు.

వేళకి తిను. చెక్కపొడి గొంతులోకి పోకుండా ముక్కుకి గుడ్డ కట్టుకుంటున్నావా లేదా?

మీ అక్క


చెక్కపని షాపు, పైగది
మంగళవారం

అక్కా,

ముక్కుకి గుడ్డ కట్టుకుంటున్నాను. తుమ్మితే రంపప్పొట్టు రావడం మాత్రం ఆగలేదు.

మీ అత్తయ్య తలనొప్పి సంగతి నేనేమీ ఊహించుకోలేదు. ఊహించుకోవాల్సినంత దాపరికం ఏముంది అందులో. నాకు పుట్టుకతోనే తెలిసిన తలనొప్పి అది. సరే, వదిలేశాను. చూడు, ఎంత మంచిదాన్నయిపోయానో.

పేర్లు ఇవిగో. ఐరీన్, గ్రీకు, శాంతి. మీ ఇంట్లో అది దొరకదు గనక పేరుగానైనా ఉంటుంది. నూర్, అరబ్బీ, వెలుగు. నువ్వు దీపానివి కదా, దీపం కూతురు వెలుగు. వేరా, రష్యన్, నమ్మకం. హనా, జపనీస్, పువ్వు. సారా, హీబ్రూ, రాణిగారు. ఇది మీ అత్తయ్య కూడా పలకగలరు, కాకపోతే మనుషులు నవ్వుతారు. ఇక నాకు అన్నిటికంటే నచ్చింది జోయ. గ్రీకులో ప్రాణం అని. ప్రాణం అంతే, దాని ముందూ వెనకా ఏమీ లేదు. ఎవరి కోసమో కాదు, ఎవరి తర్వాతో కాదు. బొగ్గు పెన్సిల్‌తో నా చెక్క మీద గీసి చూసుకున్నాను కూడా. నీకు నచ్చకపోతే చెరుగుతుంది.

ఇంకో సంగతి. పుస్తకంలో వెనకెక్కడో నాలాంటి వాళ్ళ పుట ఒకటి దొరికింది. టర్కీలో యెతెర్ అనే పేరుంది, "చాలు" అని అర్థం. చైనాలో లాయ్‌దీ అని పెడతారు, "తమ్ముడా, రా" అని. ఆలోచించు. ఆ పిల్ల పేరు ఆ పిల్లని పిలవడానికే కాదు. ఆ పిల్లని పిలిచినప్పుడల్లా ఇంకోణ్ణి పిలుస్తున్నారు. ఇన్నేళ్ళూ మన నాన్న ఒక్కడికే తట్టిన తెలివనుకున్నాను. భూమి మీద ఎక్కడ చూసినా మన నాన్నలే ఉన్నారు.

ఆ పుట మిగతావాటికంటే తెల్లగా ఉంది. నలగలేదు. అలాంటి పేరు పెట్టినవాడెవడూ దాని అర్థం చెక్కించుకుని గోడకి తగిలించుకోడు కదా.

జోయ. ఆలోచించు. డాక్టరమ్మ ఏమన్నారు? తర్వాత రాస్తానన్నావు.

నీ చెల్లి


ఇంట్లో, వెనక వరండా
శనివారం

బుల్లీ,

నీకొక శుభవార్త. కూర్చుని చదువు.

పాపకి నీ పేరే పెడుతున్నాం.

నువ్వు పంపిన పేర్లు అన్నీ చదివి వినిపించాను, అన్నీ బాగున్నాయి. కానీ అందరూ కలిసి నీ పేరే అనుకున్నారు. అత్తయ్యే ముందు అన్నారు. మీ బావ సరేనన్నారు. నాన్న వచ్చి పాపని ఎత్తుకుని చెవిలో ఆ పేరే చెప్పి వెళ్ళారు, ఎంతో సంతోషించారు. చిన్నోడు కూడా వచ్చాడు, "ఇంక ఇంట్లో ఇద్దరు కోపిష్టివాళ్ళు" అన్నాడు.

ఇక నుంచి దానికి నువ్వు రెండో అమ్మవి. నీ చేత్తో పలక చెక్కి పంపు, ఉయ్యాల పైన తగిలిస్తాం. కాగితాల్లో కూడా అదే రాయించేశాం. మూడో వరుసలో ఏం రాస్తావో నీ ఇష్టం, మీ ఓనరుని అడిగి ఏదైనా మంచి మాట రాయి.

తొందరగా పంపు.

మీ అక్క


చెక్కపని షాపు, పైగది
బుధవారం

అక్కా,

నీ ఉత్తరం మెట్ల మీద కూర్చుని చదివాను. మళ్ళీ పైకెళ్ళి చదివాను. ఏడ్చాను, రాయడానికి సిగ్గేస్తోంది గానీ ఏడ్చాను.

నా పేరు ఇంకొకరికి కావాలని ఎవరైనా అనడం నేనెప్పుడూ వినలేదు. బడిలో భోజనం వడ్డించేటప్పుడు నా పేరు పిలిస్తే వంటావిడ గరిటె ఆపేసేది, వరుసంతా నవ్వేది. ఈ షాపులో చేరిన రోజు ఓనరు నా పేరు విని "ఇంకా మొదలే పెట్టలేదు, అప్పుడే చాలా?" అన్నాడు. ప్రతి కొత్త మనిషీ అదే జోకు తనే కనిపెట్టినట్టు వేస్తాడు. అలాంటి పేరు పట్టుకుని మీ అత్తయ్య ముందుకొచ్చారంటే ఆవిణ్ణి నేను తప్పుగా అనుకున్నట్టే. తలనొప్పి నిజంగా తలనొప్పేనేమో. నా తరఫున ఒక నమస్కారం చెప్పు, నాకు చెప్పడం రాదు.

బొగ్గుతో గీసిన జోయని చెరిపేశాను. నా పేరు గీశాను. మొదటిసారి దాన్ని అక్షరాలుగా చూశాను. గుండ్రంగా, బాగానే ఉంది. మూడో వరుసకి ఓనరుని అడిగితే క్షణంలో చెప్పాడు, "సంతృప్తి." నేనే నవ్వాను. అయినా పోనీ అనుకున్నాను. ఒక్కసారి ఆ అబద్ధం నా కోసం కూడా చెప్పనీ. షాపంతా చెప్పుకున్నాను, మా అక్క కూతురికి నా పేరు అని. అందరూ చేతులు కలిపారు.

పాలిష్ పిన్ని మాత్రం పలక రుద్దుతూనే ఉంది. కాసేపటికి తలెత్తకుండా అడిగింది. "నీ తర్వాత ఎవరు పుట్టారు?"

తమ్ముడు అన్నాను.

"ఆ" అంది. మళ్ళీ రుద్దుకుంటూ కూర్చుంది.

ఈ ముక్క ఎందుకు రాస్తున్నానో నాకే తెలియడం లేదు. ఆవిడకి అందర్నీ అనుమానించడం అలవాటు. కానీ ఆ "ఆ" అన్న మాట చెవిలోంచి పోవడం లేదు. అక్కా, నా పేరు ఎందుకు పెట్టారు? నా మీద ప్రేమతోనే కదా? ఒక్క ముక్క రాయి. మొదటి వరుస మాత్రమే చెక్కాను. రెండూ మూడూ నీ జవాబు వచ్చాక చెక్కుతాను.

నీ చెల్లి


ఇంట్లో
ఆదివారం

బుల్లీ,

పాపకి ఒళ్ళంతా పొక్కులు లేచి తగ్గాయి. రెండోదానికి జలుబు. ఇంటి కప్పు వాన నీటికి కారుతోంది, కింద బకెట్టు పెట్టాం. పెద్దది ఆ బకెట్టు మీది కంపెనీ పేరు కూడా చదివేసింది.

ఒక్క ముక్క రాయమన్నావు. ఏం రాయను? నీ తర్వాత తమ్ముడు పుట్టలేదా? పుట్టాడు. నాన్న ఇక్కడికొచ్చినప్పుడు ఆ మాటే అన్నారు. "మా ఇంట్లో పెట్టి చూశాం, మరుసటి కాన్పుకే మగపిల్లాడు" అని. అత్తయ్య వెంటనే పట్టుకున్నారు. పనిచేసిన పేరు అన్నారు. అదీ సంగతి. ఇప్పుడు నీకు సంతోషంగా ఉందా?

నువ్వు ఊగిపోతావని తెలుసు. తెలిసే చెప్పలేదు. కొన్నాళ్ళు సంతోషంగా ఉంటావు కదా అనుకున్నాను. ఆ పాలిష్ ఆవిడ నోరు మూసుకుని తన పని తను చేసుకుంటే ఏం పోయేది?

నీ చేతిలో ఉలి ఉంది, నీ గదికి లోపల గడియ ఉంది. కోపం వస్తే తలుపేసుకుని కోప్పడతావు. నాకు గడియలేని గదిలో ముగ్గురు పిల్లలు. డాక్టరమ్మ ఏమన్నారని అడుగుతూనే ఉన్నావుగా, విను. ఇంకో కాన్పు వద్దన్నారు. ఈసారే రక్తం ఆగడం కష్టమైంది, మళ్ళీ అయితే నా పూచీ లేదన్నారు. మీ బావ పక్కనే ఉండి విన్నారు. ఇంటికొచ్చాక ఆ మాట ఆయన నోట రాలేదు. అత్తయ్యకి చెబుతారని చూశాను. చెప్పలేదు. నేను చెబితే సాకు అంటారు. పైగా మీ బావకి ఇంకో సంబంధం చూస్తామని చుట్టాలు నవ్వుతూ అంటున్నారు. నవ్వుతూనే అంటున్నారు.

ఇంట్లో నిలబడి "నాకు చాలు" అని నేను అనలేను బుల్లీ. అనడానికి నోరు రాదు. ఇప్పుడు ఆ మాట వాళ్ళే పొద్దస్తమానం అంటున్నారు, పాపని పిలుస్తూ. అత్తయ్య అంటారు, మీ బావ అంటారు. వినపడినప్పుడల్లా ఎవరో నా తరఫున అన్నట్టుంటుంది. పిచ్చిదాన్ననుకో.

పలక ఇష్టమైతే పంపు. లేకపోతే మానెయ్.

మీ అక్క


చెక్కపని షాపు, పైగది
సోమవారం

అక్కా,

నీ ఒంటి సంగతి చదివాక కాగితం ముందు కాదు, చెక్క ముందు కూర్చున్నాను. అందుకే వెంటనే రాయలేదు. ఇప్పుడు ఆ పని అయింది.

పనిచేసిన పేరు. బాగుంది మాట. నన్ను కన్నారు, పనికి పెట్టారు, పని అయింది, చిన్నోడు వచ్చాడు, నన్ను మూల పడేశారు. ఇప్పుడు ఇరుగుపొరుగు వాళ్ళు అడిగితే తుడిచి అరువిస్తున్నారు. ఇంట్లో రోలూ, రోకలీ, నేనూ. వాడు ఎనిమిదో తరగతిలోకి వచ్చేసరికి నేను ఎనిమిదిలోంచి బయటికి వచ్చాను, గుర్తుందా? ఇద్దర్నీ చదివించలేం అన్నాడు నాన్న. వరాన్ని చదివిస్తాడు గానీ ఫిర్యాదుని ఎవడు చదివిస్తాడు. వాడు మంచివాడే, వాణ్ణేమీ అనను. వాడికి ఇదేమీ కనపడదు, అదే వాడి అదృష్టం.

నువ్వు నాకు దాచావు. దాచి, నా చేత నమస్కారాలు పెట్టించావు. మీ అత్తయ్యకి చెప్పే ఉంటావు కూడా. ఆవిడ ఏమనుకుని ఉంటుంది, ఈ పిచ్చిది నమస్కారం పెడుతోందేమిటి అనుకుని ఉంటుంది. ఏడ్చానని నీకు రాశాను చూడు, అది తిరిగి ఇచ్చేయాలి నువ్వు.

నీ నోటితో నువ్వు అనలేని మాటని నెలల పిల్ల మీద పెట్టావు. నాకు నాన్న పెట్టినప్పుడు నువ్వు పక్కనే ఉన్నావు. బడి నుంచి ఏడుస్తూ వస్తే నా మొహం కడిగింది నువ్వే. తెలియక చేశావనుకోవడానికి కూడా నాకు వీల్లేకుండా చేశావు.

బావని అడుగు, చెవులు ఆస్పత్రిలో మర్చిపోయి వచ్చాడా అని. నువ్వు అడగవు. నేను అడుగుతాను ఏదో రోజు.

పలక అడిగారుగా. పంపాను. ఈ ఉత్తరం కంటే ముందే అందుతుంది. ఓనరుకి తెలియకుండా భోజనాల వేళ చెక్కాను. మూడు వరుసలూ ఉన్నాయి, షాపు పద్ధతి ప్రకారం. మొదటి వరుస పేరు. రెండో వరుస మన భాష. మూడో వరుసలో సంతృప్తి లేదు. "ఆడపిల్లలు ఇక చాలు, మగపిల్లాణ్ణి ఇవ్వు" అని ఉంది. అదే కదా అర్థం? పుస్తకంలో ఉన్నట్టు, నిజం ఉన్నట్టు. లోతుగా చెక్కాను, చీకట్లో తడిమినా చదవొచ్చు. పాలిష్ పిన్ని వద్దు వద్దంది. వినలేదు.

తగిలించమను మీ అత్తయ్యని ఉయ్యాల మీద. వచ్చేపోయే వాళ్ళందరూ చదవాలి. చదివి ఆ ఇంటి మొహం చూడాలి.

మీ పనిముట్టు


ఇంట్లో, వెనక వరండా
శుక్రవారం

బుల్లీ,

చాలా నెలలైంది రాసి. నీ కోపం తగ్గాక రాద్దామనుకున్నాను, తర్వాత నాకే రాయాలనిపించలేదు.

పలక అందింది. చెక్క చాలా బాగుంది. దాని సంగతి నీకు చెప్పాలి.

వచ్చిన రోజు మీ బావే విప్పారు. చదివారు. నేను గుమ్మం దగ్గర నిలబడి ఆయన మొహమే చూస్తున్నాను. "సరిగ్గానే రాసింది" అన్నారు. అత్తయ్యకి చదువు రాదుగా, చదవమన్నారు. చదివి వినిపించారు. అత్తయ్య ఆ చెక్కని చీర కొంగుతో తుడిచి, "మనసులో మాట ఎంత బాగా పెట్టింది, మీ చెల్లెలు తెలివైనది" అన్నారు. మీ బావ మేకు తెచ్చి ఉయ్యాల పైన కొట్టారు. వచ్చినవాళ్ళందరూ చదువుతున్నారు. చదివి "మీ కోరిక తీరాలి" అని పాపని దీవించి వెళుతున్నారు. పక్కింటావిడ, తన కోడలికి కూడా ఒకటి చేసి పంపుతుందేమో అడగమంది.

సిగ్గుపడతారని పంపావు. ఎవరూ పడలేదు బుల్లీ.

ఒక్క మనిషి మాత్రం రోజూ చదువుతోంది. పెద్దది. లేవగానే ఉయ్యాల దగ్గర నిలబడి, వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుని పైకి చదువుతుంది. మొదట్లో "మగపిల్లాణ్ణి" దగ్గర ఆగిపోయేది, ఇప్పుడు ఆగకుండా చదివేస్తోంది. రెండోది విని పాటలా పాడుతుంది, చేతులు ఊపుతూ. మొన్న పెద్దది నా దగ్గరకొచ్చి అడిగింది. "అమ్మా, ఆడపిల్లలంటే మేమేనా?"

నేను పప్పు కడుగుతున్నాను. కడుగుతూనే ఉన్నాను.

ఇంకోటి. నాకు మళ్ళీ నెల తప్పింది. అత్తయ్య పలకకి పసుపు రాశారు. పేరు పనిచేయడం మొదలెట్టిందంటున్నారు. మీ బావ నా వైపు చూడడం లేదు. డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళమంటే వచ్చే వారం అంటున్నారు, పోయిన వారమూ అదే అన్నారు.

పెద్దదానికి ఏం చెప్పాలో నీ పుస్తకంలో ఎక్కడైనా ఉంటే రాయి.

మీ అక్క


చెక్కపని షాపు, పైగది
ఆదివారం

అక్కా,

పుస్తకంలో లేదు.

ఆ ఇల్లు చదువుతుందనుకుని చెక్కాను. ఆ ఇంట్లో చదవడం నేర్చుకుంటున్నది ఎవరో నువ్వు మొదటి ఉత్తరంలోనే రాశావు, నేను పట్టించుకోలేదు. ఓనరు, పిల్లల నెత్తిన అబద్ధం వేలాడదీస్తాడని ఎగతాళి చేశాను. నేను నిజం వేలాడదీశాను, అది కూడా పిల్లల నెత్తినే. పాలిష్ పిన్నికి నీ ఉత్తరం చదివి వినిపించాను. లేచి నా సంచి తెచ్చి బల్ల మీద పెట్టింది. తిట్టినా బాగుండేది.

పలక వెంటనే దింపు. మేకు బావ కొట్టాడు గనక గట్టిగానే ఉంటుంది, సుత్తి వెనకవైపుతో లాగు. పారెయ్యకు. పొయ్యిలో పెట్టకు. గరుకు కాగితంతో రుద్దితే పోతుందనుకోకు, పోదు, కోపంలో చేతి బలమంతా పెట్టాను. పైపొరంతా చిత్రిక పట్టి తీసేయాలి. చిత్రిక నేను తెస్తున్నాను. పెద్దదాన్ని నా పక్కన కూర్చోబెట్టుకుంటాను. ఏ అక్షరం ముందు పోవాలో అది చెబుతుంది.

అది అడిగినదానికి నువ్వు జవాబు చెప్పకు. రాసింది మీ పిన్ని, వస్తోంది, దాన్నే అడుగు అని చెప్పు.

డాక్టరమ్మ దగ్గరికి వచ్చే వారం కాదు, నేను దిగిన రోజే వెళుతున్నాం. మీ అత్తయ్యని కూడా తీసుకెళదాం. ఆవిణ్ణి తిట్టడానికి కాదు. ఆ రోజు నీకు చెప్పిన మాటలు ఆవిడ వినేలా డాక్టరమ్మని మళ్ళీ చెప్పమందాం. విన్నాక ఆవిడ ఏమంటుందో అననీ. బావని కూడా రమ్మను, ఒకసారి విన్నాడు గనక రెండోసారి తేలిక.

ఓనరు సెలవివ్వనన్నాడు. వెళితే ఇక రానక్కర్లేదన్నాడు. నా పేరేమిటో మీకు గుర్తుంది కదా అన్నాను. అప్పటికి అర్థమై మొహం తిప్పుకున్నాడు. ఉలీ చిత్రికా నావే గనక సంచిలో పెట్టుకున్నాను. పుస్తకం ఆయనది, బల్ల మీద వదిలేశాను.

పలక చదును చేశాక ఏం చెక్కాలో నాకు తెలియదు. జోయ అని చెక్కినా పాప కాగితాలు మారవు. బడిలో అదే పిలుస్తారు. వడ్డించేవాళ్ళు గరిటె ఆపుతారు, వరుసంతా నవ్వుతుంది. ఎలా ఉంటుందో నాకు తెలుసు, దాన్ని తప్పించే చెక్కపని ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. నేను చేయగలిగింది ఒకటే. మీ ఇంట్లో ఆ పేరు పెట్టి పిలిస్తే ఇక నుంచి పాపా నేనూ ఇద్దరం తలెత్తి చూస్తాం.

రావద్దని రాయకు. నీ ఉత్తరం ఇక్కడికి చేరేసరికి ఈ గది ఖాళీగా ఉంటుంది.

నీ చెల్లి